దీక్ష రోజుల్లో బీరుకి కాపలా

ఫోన్ తెర మీద "9.5" అని కనబడింది. దాని కింద "హీటర్: ఆన్". దాని కింద "3 గంటల 41 నిమిషాలు". ఆ పేజీ నేనే తయారు చేసుకున్నది కాబట్టి అక్షరాలు నాకు నచ్చిన సైజులోనే ఉన్నాయి.

అప్పుడు నేను వంటింట్లో సాంబారు గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాను. హాల్లో ఇరవై ఇద్దరు అయ్యప్ప స్వాములు కూర్చుని భజన చేస్తున్నారు. అంకె చూడగానే మొదట కలిగింది ఊరట. తొమ్మిదిన్నర డిగ్రీలంటే చల్లగా ఉన్నట్టు, చల్లగా ఉంటే ఏదీ కాలదు. ఆ ఊరట రెండు సెకన్లు ఉండి ఉంటుంది. మూడు గంటల నలభై ఒక్క నిమిషాలుగా హీటర్ పనిచేస్తున్న పెట్టెలో తొమ్మిదిన్నర ఉండదు. తొమ్మిదిన్నర ఉండేది గ్యారేజీలో. అంటే వేడిని కొలిచే సెన్సర్ పెట్టె బయట ఉంది, హీటర్ పెట్టె లోపల ఉంది. బయట చలిగా ఉన్నంతసేపూ అది లోపల కాస్తూనే ఉంటుంది. డిసెంబరులో మా ఊరు మోరిస్‌విల్‌లో ఆ చలి ఇప్పట్లో తగ్గేది కాదు.

గ్యారేజీకి సరిగ్గా పైన ఉన్నది పిల్లల గది. మా నాలుగేళ్ళవాడు అందులో నిద్రపోతున్నాడు. ఏడేళ్ళ మా అమ్మాయి, వచ్చినవాళ్ళ పిల్లలు ఇంకో అయిదుగురు అదే గదిలో ఆడుకుంటున్నారు. భజనకి గోల వినపడకుండా తలుపు గట్టిగా వేసుకోమన్నది నేనే.

ఆ పెట్టె ఏమిటో, అందులో ఏముందో ముందు చెప్పాలి.

మా ఆయన ఇంట్లో బీరు తయారు చేస్తారు. ఇక్కడ అది చట్టప్రకారం తప్పేమీ కాదు గాని, మావాళ్ళలో చెప్పుకునే విషయం కూడా కాదు. ఎవరైనా ఇంటికొస్తే బకెట్ మీద పాత దుప్పటి కప్పుతాం. ఆయన తాగేది తక్కువ. శనివారాలు తాగరు. ఏకాదశి వస్తే తాగరు. గింజలు నానబెట్టడం, ఉడకబెట్టడం, యీస్ట్ కలపడం, పుస్తకంలో రాసుకోవడం, ఇవే ఆయనకి ఇష్టం. పెళ్ళికి ముందు ఈ సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ప్రతి ఏడూ కార్తీకంలో ఆయన అయ్యప్ప మాల వేసుకుంటారు. నలభై ఒక్క రోజులు నల్లబట్టలు, చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక. మద్యం సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో మగవాళ్ళు ఒకరినొకరు స్వామి అని పిలుచుకుంటారు, ఆడవాళ్ళని మాత అంటారు. సొంత భార్యని కూడా. "మాతా, వైఫై మళ్ళీ పోయిందా?" అని అడుగుతారు. మొదటి ఏడాది నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు "రీస్టార్ట్ చెయ్యండి స్వామీ" అంటున్నాను.

ఈ ఏడు ఆయన లెక్క తప్పింది. థాంక్స్‌గివింగ్ తర్వాత అనుకున్న మాలధారణ, మా బృందాన్ని నడిపించే గురుస్వామి ఆఫీసు ప్రయాణం వల్ల రెండు వారాలు ముందే వచ్చింది. ఈయన ఆదివారం అయిదు గ్యాలన్ల బీరుకి యీస్ట్ కలిపారు. మంగళవారం మెసేజ్ వచ్చింది. బుధవారం పొద్దున మెడలో మాల.

"పారబోసేదా?" అన్నాను.

"అదెట్లా మాతా? యీస్ట్‌కి ప్రాణం ఉంటుంది. దీక్షలో జీవహింస కూడదు."

"మరి ఉంచుకోవచ్చా?"

"ఉంచుకోవడం వేరు, ముట్టుకోవడం వేరు."

అప్పటిదాకా ఆ బకెట్ చుట్టూ ఆయన పొద్దునా సాయంత్రమూ వేడినీళ్ళ సీసాలు పెట్టేవారు. పద్దెనిమిది డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచాలట, కిందికి పోతే యీస్ట్ పడుకుంటుందట, పైకి పోతే రుచి చెడుతుందట. ఇప్పుడు ఆయన ముట్టుకోకూడదు. నేను ముట్టుకోవచ్చా అంటే కాసేపు ఆలోచించి, అసలు మనుషులెవరూ ముట్టుకోకుండా జరిగే మార్గం ఉంటే మంచిది, నువ్వు ఎలక్ట్రానిక్స్ చదివావు కదా అన్నారు.

చదివాను. బీటెక్ అయ్యాక మూడేళ్ళు ఉద్యోగం చేశాను, తర్వాత డిపెండెంట్ వీసా మీద ఇక్కడికి వచ్చాను. నా వర్క్ పర్మిట్ ఎప్పుడూ దారిలోనే ఉంటుంది. పిల్లలు స్కూలుకి వెళ్ళాక వంటింటి గట్టు మీద సోల్డరింగ్ పెట్టుకున్నాను. అగ్గిపెట్టె కన్నా చిన్నదైన మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి. బోర్డు చెప్పినప్పుడు కరెంటు కలిపి, చెప్పినప్పుడు విడదీసే రిలే ఒకటి. పొడుగాటి తీగ చివర స్టీలు తొడుగున్న సెన్సర్ ఒకటి. ఇల్లు మారి వెళ్ళిపోతున్న కుటుంబం దగ్గర తీసుకున్న పాత చెస్ట్ ఫ్రీజర్‌ని, ఫ్రీజర్‌గా నడపకుండా, మూతున్న పెట్టెలాగా వాడుకున్నాను. వేడికి, బల్లులు పెంచుకునేవాళ్ళ కోసం అమ్మే సిరామిక్ బల్బు కొన్నాను. అది వెలగదు, కాలుతుంది. పిల్లలెవరైనా చెయ్యి పెడతారేమోనని దానికి ఇనుప జాలీ బిగించాను.

నేను భయపడే మనిషిని. ద్రాక్షపళ్ళు ఇప్పటికీ నిలువుగా నాలుగు ముక్కలు కోసి పెడతాను. కిటికీ తెరల తాళ్ళు కత్తిరించేశాను. రిమోట్లలో గుండీ బ్యాటరీలు ఎన్ని ఉన్నాయో అడిగితే చెప్పగలను. ఈ పని కూడా అలాగే చేశాను. పదిహేడున్నరకి దిగితే బల్బు వెయ్యి, పద్దెనిమిదిన్నరకి చేరితే ఆపు అన్నది అసలు కోడ్. మిగతాదంతా జాగ్రత్తలు. వైఫై పోతే ఏం చెయ్యాలి, కరెంటు పోయి వస్తే ఏం చెయ్యాలి, సెన్సర్ తీగ తెగితే ఏం చెయ్యాలి. బకెట్ నిండా మామూలు నీళ్ళు పోసి మూడు రోజులు పరీక్షించాకే బీరు లోపల పెట్టాను. బీరుకి ఏమేం కావచ్చో అన్నీ ఆలోచించాను.

మూడు వారాల పైన అది చక్కగా పనిచేసింది. మా ఆయన రోజూ సాయంత్రం గ్యారేజీ గుమ్మం దగ్గర, గడప ఇవతల నిలబడి అడిగేవారు.

"ఎంత మాతా?"

"పద్దెనిమిది పాయింట్ రెండు స్వామీ."

"స్వామి శరణం."

ఇది ఆయన వెటకారంగా అనేవారు కాదు.

ఆ ఆదివారం మా ఇంట్లో భిక్ష. అంటే స్వాములందర్నీ పిలిచి భజన చేయించి భోజనం పెట్టడం. ఇడ్లీలు నేను ఒప్పుకున్నాను. ఇరవై ఇద్దరు స్వాములు, వాళ్ళ కుటుంబాలు, అంతమందికి ఇడ్లీలంటే పెద్ద స్టీలు గిన్నె నిండా పిండి. మా ఇంట్లో డిసెంబరులో పిండి పులవదు. అవెన్‌లో లైటు వేసి పెట్టడం నాకు తెలుసు, కానీ ఆ గిన్నె అవెన్‌లో పట్టలేదు. శనివారం సాయంత్రం ఇల్లంతా కలియతిరిగి చూశాను. ఇంట్లో ఎప్పుడంటే అప్పుడు ఎంత కావాలంటే అంత వెచ్చగా ఉండే చోటు ఒక్కటే.

స్వాముల భిక్షకి పెట్టే పిండిని బీరు బకెట్ పక్కన పెట్టవచ్చా అన్నది నేను ఎవరినీ అడగలేదు. అడిగితే సమాధానం వస్తుంది. గిన్నె మీద మూత ఉంది, బకెట్ మీద మూత ఉంది, మధ్యలో పిల్లల పాత స్నానం తువ్వాలు చుట్టాను. పిండికి ముప్ఫై డిగ్రీలు కావాలి కాబట్టి సెన్సర్‌ని బకెట్ నుంచి ఊడదీసి, స్టీలు గిన్నెకి టేపుతో అంటించాను. ఫోన్‌లో పద్దెనిమిదిని ముప్ఫై చేశాను. బీరు పులవడం ఎలాగూ అయిపోవచ్చింది, ఒక్క రాత్రికి ఏమీ కాదు. మా ఆయనకి చెప్పలేదు. చెబితే, ఆ బీరు గురించి ఆలోచించడం ఆయన దీక్షకి భంగమని నాకు నేను చెప్పుకున్నాను.

పొద్దున పిండి గిన్నె అంచుదాకా పొంగి ఉంది. అంత మంచి పిండి ఈ దేశంలో నేను ఎప్పుడూ చూడలేదు. ఇడ్లీలు వెయ్యడానికి పక్క వీధి అక్క ఎనిమిదింటికే వచ్చింది. నేను పైన పిల్లలకి స్నానాలు చేయిస్తూ, గ్యారేజీలో తెల్ల పెట్టెలో గిన్నె ఉంది, తెచ్చుకో అక్కా అని మెట్ల మీద నుంచి చెప్పాను. తర్వాత సాంబారు, చట్నీ, పూలు, పేపర్ ప్లేట్లు. పెట్టె సంగతి పదకొండూ నలభైకి ఫోన్ చూసేదాకా గుర్తు రాలేదు.

గరిటె గిన్నెలో పెట్టాను. వంటింట్లోంచి బయటికి వస్తే ఎడమవైపు మెట్లు, కుడివైపు గ్యారేజీ తలుపు. మెట్లు పద్నాలుగు. పైన ఏడుగురు పిల్లలు, ఒకడు నిద్రలో. గ్యారేజీ తలుపు అయిదడుగుల దూరం.

నేను కుడివైపు వెళ్ళాను.

తలుపు తీయగానే వాసన తెలిసింది. ఇస్త్రీపెట్టె బట్ట మీద మర్చిపోతే వచ్చే వాసన. పెట్టె మూత అంచుల్లోంచి సన్నగా పొగ వస్తోంది. సెన్సర్ బయట గోడకున్న సైకిల్ కొక్కేనికి శుభ్రంగా వేలాడదీసి ఉంది. ముందు ప్లగ్ లాగాను. తర్వాత మూత ఎత్తాను. వేడి మొహానికి కొట్టింది. తువ్వాలు బల్బు జాలీ మీద పడి ఉంది. నడిమధ్య పళ్ళెమంత నల్లటి మచ్చ, దాని అంచున ఎర్రటి సన్నని గీత మెల్లగా పాకుతోంది. మంట ఇంకా లేదు. గాలి తగిలితే వస్తుందని అప్పుడు తట్టలేదు. గ్యారేజీ షటర్ బటన్ నొక్కి, తువ్వాలుని మంచు గీకే కర్రతో ఎత్తి, డ్రైవ్‌వేలోకి విసిరేశాను. అక్కడ అంటుకుంది. తోట పైపు చలికాలానికి విప్పేసి ఉంది. కారు తుడవడానికి పెట్టుకున్న బకెట్‌లో నీళ్ళున్నాయి, అవి పోశాను.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో గురుస్వామి నిలబడి ఉన్నారు. నల్లపంచె, నుదుట విభూతి. మామూలు రోజుల్లో ఆఫీసులో డేటాబేస్‌లు చూసుకుంటారు, పద్దెనిమిదేళ్ళుగా మాల వేసుకుంటున్నారు.

"ఏం మాతా, ఏదో కాలుతోంది?"

"ఆరిపోయింది స్వామీ. పిండి పులవడానికి పెట్టె పెట్టుకున్నాను. తువ్వాలు అంటుకుంది."

ఆయన దగ్గరికి వచ్చి పెట్టెలోకి చూశారు. బకెట్ మూతకున్న ప్లాస్టిక్ గొట్టంలోంచి బుడగలు గబగబా వస్తున్నాయి. వేడెక్కితే బీరులోని గ్యాస్ అలాగే బయటికి వస్తుంది. దుప్పటి లేదు. ఇక బీరు వాసన సంగతి సరే సరి.

"ఇది పిండేనా?"

నేను దుప్పటి కోసం చుట్టూ చూశాను.

"ఎన్ని గ్యాలన్లు?"

"అయిదు స్వామీ."

"మరి ఇడ్లీ పిండి ఎక్కడ పెట్టావమ్మా?"

"దాని పక్కనే స్వామీ."

ఆయన కళ్ళు మూసుకుని ఏదో అనుకున్నారు. తర్వాత మూత తనే దించి, "నేను చెప్పుల కోసం వచ్చాను. వేరే ఏం చూళ్ళేదు. పైన పిల్లలున్నారు, ముందు చూసుకో పో," అన్నారు. ఆయన దీక్షలో చెప్పులు వేసుకోరు.

అప్పుడు పైకి వెళ్ళాను. గదిలో పొగ లేదు. మావాడు బోర్లా పడుకుని నిద్రపోతున్నాడు. ఆరుగురు పిల్లలు వాడి మంచం చుట్టూ కూర్చుని గుసగుసగా ఏదో ఆట ఆడుతున్నారు. మా అమ్మాయి వేలు పెదాల మీద పెట్టి నన్ను చూసింది. "ష్. వాడు స్లీప్ చేస్తున్నాడు అమ్మా."

కార్పెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. కొంచెం వెచ్చగా ఉందనిపించింది. ఆ మూల రూమ్ హీటర్ గాలి కూడా వస్తుంది కాబట్టి కచ్చితంగా చెప్పలేను.

పన్నెండున్నరకి భిక్ష మొదలయింది. ఇడ్లీలు దూదిలా ఉన్నాయని అందరూ అన్నారు. గురుస్వామి రెండు తిన్నారు. మూడోది వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

అందరూ వెళ్ళాక అక్కకి జరిగింది చెప్పాను. బీరు సంగతి ఆమెకి మొదటి నుంచీ తెలుసు.

"గా తీగ నాకేం తెల్సు చెల్లే? ఎవ్వలన్న పిండి గిన్నెకి ప్లాస్టర్ ఏస్తరా? అడ్డం ఉన్నదని పీకి మంచిగ కొక్కానికి ఏశిన. తువ్వాల ముడిసి అండ్లనే పెట్టిన, నీ ఇల్లు నీట్‌గ ఉండాలెనని."

"తప్పు నాది అక్కా."

"నీదే మరి. నాదెట్లయితది?" అని ఇడ్లీ ప్లేట్లు కడగడం మొదలుపెట్టింది. కాసేపటికి చేతులు తుడుచుకోకుండానే నన్ను పట్టుకుంది.

మా ఆయనకి సాయంత్రం చెప్పాను, పిండి దగ్గర నుంచి అన్నీ. ఆయన గడప ఇవతలే నిలబడి విన్నారు.

"ఎంతదాకా పోయింది మాతా?"

"బీరా?"

"బీరు."

"సెన్సర్ బయట ఉంది కదా. ఎవరికీ తెలీదు. బకెట్ ముట్టుకుంటే జ్వరం వచ్చిన ఒళ్ళులా ఉంది."

"పోయినట్టే," అన్నారు. తర్వాత, "సెన్సర్ ఏమీ చెప్పకపోతే ఏం చెయ్యాలో రాశావు కదా?" అన్నారు.

"తీగ తెగితే ఏం చెయ్యాలో రాశాను. తెగలేదుగా. సరిగ్గానే చెప్పింది. ఎక్కడున్నదో చెప్పలేదంతే. రెండు గంటలు ఆగకుండా కాలితే దానంతట అదే ఆగిపోవాలి అని ఒక్క లైను రాస్తే సరిపోయేది."

"ఆ ఒక్క లైను నేనైనా అడగాల్సింది," అన్నారు. పేరు పెట్టి పిలవలేదు గాని, మాతా అని కూడా అనలేదు.

ఆ బకెట్‌ని నేనే ఈడ్చుకెళ్ళి వెనకవైపు పారబోశాను. ఆయన లోపల దీపం దగ్గర కూర్చున్నారు. యీస్ట్ గురించి ఎవరమూ మాట్లాడుకోలేదు.

పిల్లలు పడుకున్నాక ఆ ఒక్క లైను రాశాను. ఇంకో సెన్సర్ కూడా కలిపాను. పెట్టెలో ఇప్పుడు ఏమీ లేదు, అయినా రాశాను. ఆ తర్వాత ఇది రాయడానికి కూర్చున్నాను.

కోడ్ తప్పు అర్థమవుతుంది. అర్థం కానిది ఆ అయిదడుగులు. ప్లగ్ తీస్తే ప్రమాదం ఆగుతుంది, పిల్లల్ని దింపడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, కాబట్టి ముందు ప్లగ్ అని నేను లెక్క వేసుకున్నానని మా ఆయనకి చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. ఇంజనీరింగ్ ప్రకారం అది సరైన లెక్కే. కానీ అప్పుడు నేను ఏ లెక్కా వెయ్యలేదు. ఇంటి నిండా స్వాములున్నారు, నాకన్నా ముందు ఇంకెవరూ ఆ మూత తీయకూడదు అన్నది మాత్రం కచ్చితంగా నా తలలో ఉంది. రెండిట్లో ఏది నా కాళ్ళని కుడివైపు తిప్పిందో నాకు తెలీదు. ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ చోట రెండూ ఉంటాయి. ద్రాక్షపళ్ళు నాలుగు ముక్కలు కోసే మనిషి ఆ సమయానికి పైకి పరుగెత్తుతుందని నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. మరోసారి ఇలా జరిగితే ఎటు వెళ్తానో ఇప్పుడు చెప్పలేను. చెప్పలేనప్పుడు పిల్లల్ని నా మీద ఆధారపడనివ్వకూడదు.

మర్నాడు పొద్దున స్కూల్ బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఇద్దరూ సీరియల్ తింటున్నారు. పొగ అలారం టెస్ట్ బటన్ నొక్కాను. వాడు చెవులు మూసుకున్నాడు.

"ఈ సౌండ్ వస్తే ఏం చెయ్యాలి?"

"మాకు తెల్సు," అంది మా అమ్మాయి. "స్కూల్‌లో ఫైర్ డ్రిల్ చేస్తాం. లైన్ చేసి బయటికి వెళ్తాం. టీచర్ కౌంట్ చేస్తుంది."

"ఇంట్లో లైను లేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుని మెట్లు దిగి, ముందు తలుపు తీసుకుని, వీధి చివర మెయిల్‌బాక్సుల దగ్గరికి వెళ్ళిపోవాలి. షూస్ వద్దు. జాకెట్ వద్దు."

"చలి కదా?"

"చలి అయినా సరే."

"మరి నువ్వు?"

"నన్ను వెతకొద్దు. నన్ను పిలవొద్దు. నా కోసం ఆగొద్దు."

"నువ్వు మా రూమ్‌కి రావా అమ్మా?" అన్నాడు వాడు.

"వస్తాను. కానీ నిన్న రాలేదు నాన్నా. నిన్న గ్యారేజీలో కాలుతుంటే అమ్మ ముందు అక్కడికి వెళ్ళింది, తర్వాత మీ దగ్గరికి వచ్చింది. అందుకని చెప్తున్నా. సౌండ్ వస్తే నేను వచ్చేదాకా చూడకండి, మీరు వెళ్ళిపోండి."